రెండు గదుల గుండె

డిగ్రీలో మా జువాలజీ ప్రాక్టికల్ అంటే 33 గంటల కోడిపిండం స్లైడు. గులాబీ రంగు పట్టించిన మరక లాంటిది. నడుమ వంకర తిరిగిన గొట్టాన్ని చూపించి అదే గుండె అనేవారు. రికార్డులో గీశాను, మార్కులూ పడ్డాయి. కొట్టుకోనిదాన్ని గుండె అనుకోవడానికి మాత్రం మనసొప్పలేదు.

కొట్టుకునేది మండవల్లి దగ్గర ఓ చేపల హేచరీలో దొరికింది. శీలావతి గుడ్లు అడుగున పడకుండా సిమెంటు తొట్టిలో నీళ్లు గిర్రున తిరుగుతుంటాయి. గుడ్డు పగిలి పూటైనా కాని పిల్లను సాసరులోకి తీసి భూతద్దం పెట్టాను. ఒళ్లంతా గాజు. కంటికి దిగువన, సొన సంచికి ముందు, ఆవగింజలో సగమైనా లేనిది అదురుతోంది. చేప గుండెకు రెండే గదులు. రక్తం పుచ్చుకునేది కర్ణిక, నెట్టేది జఠరిక.

ఏ కణం ఏ గదికి? కణం తన దారి ఎంచుకుంటుందని పుస్తకాలు రాస్తాయి. నాకా మాట రుచించదు. పిండంలో ఎక్కడ నిలబడింది, ఇరుగుపొరుగు నుంచి ఏ రసాయనం ఎంత అందింది అన్నదాన్ని బట్టే దాని బతుకు. విటమిన్ ఎ నుంచి పుట్టే రెటినోయిక్ ఆమ్లం, గుండెలో చేరే కణాల సంఖ్యకు కళ్లెం వేస్తుందని 2005లో జీబ్రా చేపలో చూపించారు. అది మన శీలావతికి దూరపు చుట్టమే. ఆ కణాలన్నీ ఒకేసారి గుండెలో చేరవని, ముందొచ్చినవి గొట్టం కడితే రెండో జట్టు తర్వాత వచ్చి దాన్ని పొడిగిస్తుందని కోడిపిండంలో, ఎలుకలో 2001లోనే తేలింది.

నన్ను ఆపేసింది వేరొకటి. ఎన్‌కెఎక్స్ 2.5 అని ఓ జన్యువు. పండ్ల ఈగలో దాని జోడీ పేరు టిన్‌మన్, ఓ కథలోని గుండె లేని రేకు మనిషి పేరే. అది లేని ఈగకు గుండే ఏర్పడదు. జీబ్రా చేపలో ఈ జన్యువూ, దాని తోబుట్టువూ పనిచేయకపోతే, అప్పటికే జఠరికగా కుదురుకున్న కణాలు కర్ణిక కణాలుగా మారిపోతున్నాయని 2013లో బయటపడింది. నువ్వు జఠరికవి అని ఒకసారి చెబితే చాలదన్నమాట, చెబుతూనే ఉండాలి.

ఈ గోలంతా హేచరీ పెద్దాయనకు చెప్పి, "చూడు బాబాయ్, గుండె!" అని భూతద్దం అందించాను. ఒంటికన్నుతో చూశాడు.

"కొట్టుకుంటోంది. బతికినట్టే," అని లేచి, షెడ్డు వైపు కేకేశాడు. "ఒరేయ్, కరెంటు పోయేలా ఉంది. జనరేటర్‌లో డీజిల్ చూడు, పంపు ఆగకూడదు!"