మోత యెరిగిన వేట

వేటను గూర్చి మనము విన్న కథలన్నియు బాణము తగిలినచోటనో, తుపాకి మ్రోగినచోటనో ముగిసిపోవుచుండును. మృగము నేలకొరిగినది, వేటకాడు మీసము దువ్వినాడు, కథ చెప్పువాడు గుక్క త్రిప్పుకొన్నాడు, అంతటితో సరి. ఊరికి నాలుగు క్రోసుల దూరమున, బండిగాని గాడిదగాని దిగజాలని లోయలో, మిట్టమధ్యాహ్నపుటెండలో పడియున్న ఆ మృగదేహము ఇల్లెట్లు చేరినది, ఎవరి భుజములపై చేరినది, ఎన్ని ఖండములై చేరినది, అందులో ఎంత దారిలో చెడి పారవేయబడినది అని అడిగిన శ్రోతయు లేడు, చెప్పిన కథకుడును లేడు. వేటలో వివేకము పని చేయవలసిన భాగము అక్కడనే యారంభమగునని నా చిరకాలపు నమ్మకము. ఈ వారము ఆ మోతను గూర్చియే వ్రాయదలచినాను.

ముందుగా ఒక్క మాట స్పష్టము చేయవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత మన యడవులలో వేట నేరము. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యము 1983లో పులుల సంరక్షణ ప్రాజెక్టు క్రిందికి వచ్చినది. అంతరించినదని లోకమెల్ల విశ్వసించిన కలివికోడి 1986లో కడప జిల్లా సిద్ధవటము ప్రాంతమున తిరిగి కానవచ్చిన పిదప లంకమల అభయారణ్యమైనది. ఈ నిషేధము న్యాయమైనదని మనస్ఫూర్తిగా నమ్మువారిలో నేనొకడను. నేడిక్కడ చెప్పబోవు విద్యను ఎవరును తిరిగి చేపట్టవలెనని నా యభిప్రాయము కాదు. అయినను, దానిని స్వయముగా చూచినవారు నేడు ముదుసళ్లై యున్నారు. వారు పోయిన తరువాత అడిగి తెలిసికొందమన్నను చెప్పువారుండరు.

మన కొండలు ఎత్తుకు ప్రసిద్ధములు కావు. నల్లమలగాని, ఎర్రమలగాని, పాలకొండలుగాని, వెలికొండలుగాని హిమవత్పర్వతముల ముందు మిట్టలని చెప్పవచ్చును. అయితే బరువెత్తుకొని నడచువానికి ఎత్తుకంటె అడుగు పెట్టుచోటు ముఖ్యము. ఇక్కడి వాలులలో పలకరాళ్లు ఒకదానిపైనొకటి వదులుగా పరచుకొని యుండి, కాలు మోపగానే జారును; రాతిశిఖరముల క్రింద వెదురుపొదలు దారి మూయును; ముండ్లకంపలు మోపును పట్టి వెనుకకు లాగును; శివరాత్రి దాటిన తరువాత వాగులలో ఇసుకయే గాని నీరుండదు. ఇట్టి నేలమీద పెద్ద కణితి పోతు పడినదనుకొందము. దాని బరువు రెండువందల కిలోలు దాటును. ప్రేగులు, చర్మము, తల, పెద్ద యెముకలు తీసివేసినను మిగులు మాంసము మనిషి యొకడు ఒక్కమారు మోయగలిగినది కాదు. పైగా కణితి చర్మము దళసరి, రోమము బిరుసు; ప్రాణము పోయిన తరువాత కూడ దేహములోని వేడిని అది బయటికి పోనీయదు. వెలుపలి మాంసము చల్లగా తగులుచున్నను, తొడ యెముక చుట్టు లోలోపల కుళ్లు మొదలగును. మన చైత్రవైశాఖముల యెండలో అందుకు కొన్ని గంటలు చాలును.

ఆత్మకూరు దిక్కునుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారముల మీదుగా శ్రీశైలము చేరు పాత కాలిబాట ఒకటి కలదు. ఉగాదికి కన్నడదేశపు భక్తులు నేటికిని ఆ త్రోవనే నడిచి మల్లన్నను దర్శింతురు. నేనును ఆ త్రోవలో నడిచినవాడనే. అక్కడ ఒక చెంచు వృద్ధునితో వేపచెట్టు నీడను కూర్చుండి మాటలాడుచు, బాల్యములో తండ్రి వెంట పోయిన వేటలను గూర్చి అడిగితిని. బాణమును గూర్చి, గురిని గూర్చి చెప్పునని నేననుకొంటిని. అతడు విల్లు మాట యెత్తనే లేదు. “కొట్టేది ఎంతసేపు సామీ? కంటిరెప్ప పాటు. మోసేదానికి గదా మనిషి కావల్ల,” అని మొదలుపెట్టెను.

అతని తండ్రి మృగము పడగానే ముందు పొద్దువంక చూచెడివాడట. చీకటిపడులోగా పెంట, అనగా చెంచుగూడెము, చేరగలమా, లేక రాత్రి అడవిలోనే నిప్పు రాజేసికొని కాపుండవలెనా అను నిర్ణయము తరువాతనే కత్తి బయటికి వచ్చెడిది. మొదట నీడకు ఈడ్చుట. వెంటనే పొట్ట చీల్చి ప్రేగులు తీసివేయుట. పిదప చర్మమొలిచి, ఆ చర్మమునే చాపవలె పరచి, మట్టి యంటకుండ దానిపై ఖండములు పేర్చుట. గొడ్డలితో ఎముక నరుకుట తప్పు; కీలు వెదకి చిన్నకత్తితో విడదీయవలెను. విరిగిన యెముక మొన మోయువాని వీపును చీల్చును. దాని తునుకలు మాంసములో చేరును. ఖండములను మోదుగాకులలో పొదివి, నారేపచెట్టు పట్టనుండి తీసిన నారతో కట్టుదురు. ఆ కట్టు బిగువుగా నుండరాదు. గాలి చొరని మూటలో మాంసము ఉడుకెత్తును. ఇది పుస్తకములో చదువుకొన్న మాట కాదని, చేతితో తాకి తెలిసికొన్న సత్యమని, అతడు తన చేతివ్రేళ్లను విప్పుచు మూయుచు చూపినప్పుడు నాకు బోధపడినది.

మృగము చిన్నదైనచో, అడవిపందియో దుప్పియో యైనచో, కాళ్లు కట్టి వాసమునకు వ్రేలగట్టి ఇరువురు మోయుదురు. ఇందులో నేనెన్నడును ఊహింపని సూక్ష్మమొకటి యున్నది. దిగుడులో పొడుగువాడు ముందుండవలెను. ఎక్కుడులో వెనుకకు పోవలెను. వాలులో క్రిందివైపున నున్నవాని భుజముమీదికి బరువంతయు జారును గనుక, వాసము సమముగా నుండుటకు పొడుగువాడే క్రిందివైపున నిలువవలెను. కావడి చదునునేలకు మేలు. వెదురుపొదలలో అది అడ్డము పడును, అక్కడ తలమోపే గతి. అన్నిటికంటె ముఖ్యమైన నియమము, బరువును నేలకు దింపకుండుట. నేలనుండి తిరిగి లేవనెత్తుటకు పట్టు బలము, నాలుగడుగులు నడచుటకు పట్టదు. కావున దారిలో భుజమెత్తున నున్న బండ లెక్కడెక్కడ నున్నవో పిల్లలకు ముందుగనే తెలిపెడివారు; ఆ బండకు మోపునానించి, దాని క్రిందనుండి దూరి వచ్చి, ఊపిరి తీసికొని, మరల అట్లే భుజమిచ్చి సాగిపోవుట. మనకు రాయిగా కనిపించినది వారి లెక్కలో మజిలీ.

దూరము మరీ యెక్కువైనప్పుడు మోపును తేలిక చేయుటే ఉపాయము. పచ్చిమాంసములో నాలుగింట మూడువంతులకు దరిదాపుగా నీరే యుండును. దానిని పలుచని పట్టెలుగా కోసి, పందిరికి వ్రేలాడదీసి, క్రింద పొగపెట్టి, పైన ఎండకు విడిచినచో, రెండుమూడు దినములలో బరువు మూడవ వంతునకు దిగిపోవును, చెడుట యను భయమును తొలగిపోవును. సీమలో ఒట్టితునకలు తిని పెరిగినవారెవరికిని ఈ విద్య క్రొత్త కాదు. ఏ యెండ పచ్చిమాంసమును మధ్యాహ్నమునకు పాడుచేయునో, ఆ యెండయే దానిని నెలల తరబడి నిలువచేయుచున్నది. కోత పలుచనదైనచో మేలు, మందమైనచో కీడు. మా యింట అవ్వ ఉప్పు పసుపు పట్టించి దండెమునకు వ్రేలాడదీసిన మేకతునకలను కాకులనుండి కాయుట నా బాల్యములోని వేసవి యుద్యోగము. అది అడవినుండి ఇంటికి దిగివచ్చిన మోతగాని యుపాయమని ఆనాడు నాకెవరు చెప్పిరి?

ఇక పంపకము. పెంట చేరిన మాంసము కొట్టినవాని సొత్తు కాదని ఆ వృద్ధుడు పలుమార్లు చెప్పెను. మోసినవారికి మోసిన భాగము, రాలేని ముసలివారికి వారి భాగము, ఆకులమీద పరచి అందరియెదుట పెట్టుదురు. ఆస్ట్రియా దేశీయుడైన ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లో కృష్ణకు ఆవలియొడ్డున, అమ్రాబాదు పీఠభూమి చెంచులతో గడిపి, 1943లో వారినిగూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. చెంచుల నిత్యజీవనమునకు ఆధారము స్త్రీలు గునపకఱ్ఱతో త్రవ్వి తెచ్చు దుంపలు, ఏరి తెచ్చు కాయలునే గాని, పెద్ద వేట కాదని అందు స్పష్టముగా కలదు. మాంసము అరుదైనది గనుకనే దానిని మోయుటలో అంత శ్రద్ధ, పంచుటలో అంత న్యాయము ఏర్పడినవని నాకు తోచుచున్నది. సమృద్ధిగా దొరకినదానిని మనము ఎట్లు పారవేయుచున్నామో పట్టణములలో పెండ్లివిందులు ముగిసిన రాత్రి చూచినవారికి తెలియును.

ఈ మోత ఎంత పురాతనమో బేతంచెర్ల దగ్గరి గుహలు చెప్పును. బిల్లసర్గం గుహలలో 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ త్రవ్వకములకు పూనుకొని, నేడు ఆ ప్రాంతమున కానరాని జంతువుల యెముకలు కూడ వెలికి తీసిరి. తరువాత 1970 దశకమున ఎం.ఎల్.కె. మూర్తిగారు ముచ్చట్ల చింతమాను గవిలో ప్రాచీన శిలాయుగపు కడపటి దశకు చెందిన పనిముట్లను, జంతువుల యెముకలను పరిశోధించిరి. ఇట్టి చోట్ల పురాతత్త్వవేత్తలు ఏ జంతువని మాత్రమే అడుగరు, దేహములోని ఏ భాగమని కూడ అడుగుదురు. తొడ యెముకలు నివాసమునకు చేరి, వెన్నెముకయు తలయు చేరనిచో, దేహమును పడినచోటనే విడదీసి మోయదగినదానిని మోసికొని వచ్చిరని వారూహింతురు. వ్రాత పుట్టకమునుపే మనిషి అడవిలో నిలువబడి, దేనిని తీసికొనిపోవలెను, దేనిని విడువవలెను అని యోచించిన యోచన ఆ యెముకలలో నిలిచియున్నది.

కడప సీమకును ఈ విషయమున ఒక గౌరవము కలదు. కన్నప్పగా ప్రసిద్ధుడైన తిన్నని జన్మస్థలము పొత్తపినాటిలోని ఉడుమూరని ధూర్జటి చెప్పెను. రాజంపేట ప్రాంతీయులు తమ ఊటుకూరే ఆ యూరని నేటికిని చెప్పుకొందురు. కన్నప్ప యనగానే మనకు పెరికి యిచ్చిన కన్ను జ్ఞాపకము వచ్చును. ఆ కన్నుకు ముందటి దినములనే నేనెక్కువగా తలచుకొందును. పందిని కొట్టి, కాల్చి, ఏ ముక్క మెత్తనిదో నమలి చూచి, దానిని ఆకుదొప్పలో పెట్టి ఒక చేత పట్టి, రెండవ చేత విల్లు పట్టి, స్వామికి స్నానమునకు నీరు కావలెను గనుక నోట నింపుకొని, పూలు కావలెను గనుక జుట్టులో తురుముకొని, అతడు కొండయెక్కెను. భక్తికి శాస్త్రము తెలియదని పండితులందురు. నా కన్నులకు అతడు ఉన్న రెండు చేతులకు చాలని బరువును శరీరమంతటను సర్దుకొనిన మోతగాడు. అడవిపుట్టుక గలవాడు గాక మరియొకడు ఆ యుపాయము చేసియుండడు.

వేట విలాసమైన కాలమున ఈ క్రమము తలక్రిందులైనది. తెల్లదొరల వేటలలోను, సంస్థానాధీశుల వేటలలోను కొమ్ములు, తోళ్లు గోడలకెక్కినవి. కొండదిగి వాటిని మోసిన కూలివాని పేరు ఏ ఛాయాచిత్రము క్రిందను లేదు. దీనికి భిన్నముగా, అమెరికాలోని అలాస్కా రాష్ట్రమున, వేట చట్టసమ్మతమైన ఆ మంచుదేశమున, తినదగిన మాంసమును అడవిలో విడిచి వచ్చుట శిక్షార్హమైన నేరము; పెక్కుచోట్ల మాంసమంతయు బయటికి మోసిన తరువాతనే కొమ్ములను కదల్పవలెనని నియమము కూడ కలదు. అచటి దుప్పిజాతిలో పెద్దదగు మూస్ ఒక్కటి పడినచో రెండువందల కిలోలకు మించిన మాంసము వచ్చును. నడుమునకు పట్టీ బిగించిన చట్రపు సంచులలో దానిని పలుమార్లు మోయవలసియుండును గనుక, నీటికిని దారికిని ఎంత దూరమున నున్నామో చూడకుండ తుపాకి ఎత్తవద్దని అక్కడి పెద్దలు పిన్నలకు చెప్పుదురట. చెంచు వృద్ధుని తండ్రి పొద్దువంక చూచినదియు అందుకే కదా!

నేటి దొంగవేటలో ఆ చూపు లేదు. చేనిగట్టున విద్యుత్తు తీగ పరచుట, పందికై ఎరలో నాటుబాంబు పెట్టుట, తెల్లవారకముందే కళేబరమును మోటారుసైకిలుపై కట్టుకొని పారిపోవుట. తీగకు తగిలిన తక్కిన జంతువులు, ఒక్కొక్కప్పుడు మనుష్యులు, అక్కడనే పడియుందురు. దానికి చట్టము పెట్టిన శిక్ష ఎక్కువని నేననను.

అయితే మోయగల భుజములు మాత్రము అడవిలో ఇంకను మిగిలియున్నవి. అహోబిలమున కనుమ పండుగకు మొదలగు పారువేటలో నరసింహస్వామి పల్లకి నలుబది దినముల వరకు ఊరూర తిరుగును. వంశపారంపర్యముగా దానిని మోయువారు బోయలు, స్వామిని తమ యింటి యల్లునిగా ఎదుర్కొనువారు చెంచులు. నల్లమలలోని పులుల అభయారణ్యమున కావలిదారులుగా చెంచు యువకులు పలువురు పనిచేయుచున్నారు. అడవిలోని శిబిరములకు బియ్యము, నీళ్లు, కెమెరాలు వారి వీపులమీదనే చేరుచున్నవి. తాతలు మోపునానించిన బండ లెక్కడనున్నవో వారిలో కొందరికి ఇంకను తెలియును. కడపలోని యోగివేమన విశ్వవిద్యాలయపు విద్యార్థులుగాని, అటవీశాఖ యుద్యోగులుగాని, ఆ యువకులను వెంటబెట్టుకొని, నాగలూటినుండి పెచ్చెరువు వరకైనను నడిచి, ఆ బండలను ఒక పటముపై గుర్తించి, ఏ కట్టుకు ఏ నార వాడెడివారో, ఏ దిగుడులో ఎవరు ముందు నడిచెడివారో ముసలివారి నోట విని వ్రాసికొనవలెనని కోరుచున్నాను. ఈ పని వచ్చే వేసవికి ముందే, వాగులలో ఇంకను నీరున్నప్పుడే చేయదగినది.