పటిక నీళ్లతో దిద్దే ఎరుపు

శ్రీకాళహస్తి కలంకారీలో ఎరుపు దిద్దేటప్పుడు కలంలో ఎరుపు ఉండదు, పటిక నీళ్లుంటాయి. ఎరుపు కావలసిన చోటల్లా ఆ నీళ్లు పూసి, ఆరబెట్టి, స్వర్ణముఖిలో జాడించి, ఆ తర్వాత గుడ్డ మొత్తాన్నీ చిరివేరో మంజిష్ఠో వేసి ఉడకబెడతారు. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. మిగతా చోట్ల అంటిన లేత మరక ఉతుకులకూ ఎండకూ పోతుంది.

నూలంటే సెల్యులోజ్. గ్లూకోజ్ ముక్కలు ఎలక్ట్రాన్లను పంచుకుని, సమయోజనీయ బంధాలతో కట్టుకున్న పొడవాటి గొలుసు. దాని పొడవునా హైడ్రాక్సిల్ సమూహాలుంటాయి. రంగు అణువు వాటిని హైడ్రోజన్ బంధంతో పట్టుకోగలదు, కానీ నీళ్లూ అదే బంధం వేస్తాయి. సమయోజనీయ బంధం తెగాలంటే మోలుకు వందల కిలోజౌళ్లు కావాలి, హైడ్రోజన్ బంధానికి 20 దరిదాపుల్లో చాలు. అందుకే వట్టి రంగు రెండు ఉతుకుల్లో వదిలిపోతుంది.

ముందుగా గుడ్డకు పట్టించే కరక్కాయ పని ఇక్కడే. దాని టానిన్లు పెద్ద అణువులు, ఒక్కొక్కదానికీ బోలెడు హైడ్రాక్సిళ్లు. ఒంటరి హైడ్రోజన్ బంధం బలహీనమే గాని, అనేకం ఒకేసారి పట్టుకుంటే ఊడదీయడం కష్టం. కరక్కాయతో కలిపే గేదెపాలలోని కొవ్వు, ప్రోటీన్లు గీత పక్కకు పాకకుండా ఆపుతాయి. కలం గీత అంత సన్నగా నిలవడం ఈ పాల చలవే.

పటిక అయానిక స్ఫటికం. నీళ్లలో విడిపోయి అల్యూమినియం అయాన్లనిస్తుంది. చిరివేరులోని ఎలిజరిన్ తన ఆక్సిజన్ల మీది ఎలక్ట్రాన్ జంటలను ఆ అయానుకు ఇస్తుంది. ఇది సమన్వయ సమయోజనీయ బంధం. అల్యూమినియం ఒక చేత్తో టానిన్‌నూ నూలునూ, మరో చేత్తో రంగునూ పట్టుకుంటుంది. నీళ్లలో కరగని ఎర్రటి సంక్లిష్టం దారంలోనే స్థిరపడుతుంది.

నలుపుకు కసిమి. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి వారాల తరబడి ఊరబెడతారు. బెల్లం పులిసి పుట్టిన ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. ఆ నీళ్లు గుడ్డ మీద కరక్కాయ టానిన్‌ను కలిశాక, గాలి తగిలేకొద్దీ గీత నల్లబడుతుంది. పనితనంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఈ నలుపే. ఇందులో విడిగా రంగంటూ ఏదీ వేయరు.

నీలిమందుది వేరే దారి. నీళ్లలో కరగదు కాబట్టి, ఆక్సిజన్ తగ్గించిన క్షారపు తొట్టిలో కరిగించి గుడ్డను ముంచుతారు. బయటికి తీస్తే గాలికి మళ్లీ నీలమై, పోగుల మధ్య చిక్కుకుంటుంది. అక్కడ దాన్ని నిలిపేవి వాండర్ వాల్ బలాల వంటి బలహీనమైన ఆకర్షణలే. అందుకే రాపిడికి వెలుస్తుంది.

తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన ఫ్రెంచి జెసూట్ ఫాదర్ కెర్దూ, కోరమాండల్ తీరపు ఈ అద్దకపు పద్ధతిని 1742లో ఉత్తరంగా రాసి తన దేశానికి పంపారు. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్మన్ ఎలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. వేరు తవ్వే అవసరం తప్పింది. పటిక అవసరం మాత్రం తప్పలేదు. ఎక్కడ పుట్టినా ఎలిజరిన్ లోహం ఊతం లేకుండా నూలుకు గట్టిగా అంటదు.