మోసేవాడి మీద నేరం మోపని సెక్షన్

ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఏ జిరాక్స్ షాపులో పాలిటీ నోట్సు కొన్నా అందులో శ్రేయా సింఘాల్ కేసు ఉంటుంది. 2015 మార్చి 24, సుప్రీంకోర్టు, ఐటీ చట్టంలోని 66ఎ కొట్టివేత, వాక్ స్వాతంత్ర్యం. అండర్‌లైన్ అక్కడితో ఆగిపోతుంది. ఏపీ, తెలంగాణల నుంచి వచ్చి సివిల్స్‌కు చదివే మన పిల్లలూ అంతవరకే బట్టీ పడతారు. అదే తీర్పు చివర్లో, ఇతరుల సమాచారాన్ని మోసే మధ్యవర్తులను కాచే 79వ సెక్షన్‌కు కోర్టు చేసిన చిన్న మరమ్మతుకు నోట్సులో ఒక్క లైను దక్కితే గొప్ప. నాకు మాత్రం అసలు పనితనం అక్కడే కనిపిస్తుంది. తీర్పు రాసింది జస్టిస్ రోహింటన్ నారిమన్. ఆయన పక్కన బెంచి మీద ఉన్నది మన కృష్ణా జిల్లా జస్టిస్ జాస్తి చలమేశ్వర్.

ఈ సెక్షన్ గట్టిదనం తెలియాలంటే పెద్ద కంపెనీల మీద కాదు, ఒంటరి మనిషి మీద పెట్టి చూడాలి. టోర్ నెట్‌వర్క్‌కు సర్వర్ నడిపే వాలంటీరునే తీసుకుందాం. తాము ఏ ఊరి నుంచి ఏం చదువుతున్నామో ఎవరికీ తెలియకూడదనుకునే జర్నలిస్టులు, కార్యకర్తలు, మామూలు మనుషులు వాడుకునే నెట్‌వర్క్ అది. వాడేవాళ్ళ కంప్యూటరే అలాంటి మూడు సర్వర్లను, అంటే రిలేలను, ఎంచుకుంటుంది. సమాచారాన్ని మూడు పొరల గుప్తలిపిలో చుట్టి పంపుతుంది. ఒక్కో రిలే ఒక్కో పొర విప్పుతుంది. తనకు ముందున్నది ఎవరో, తర్వాతిది ఎవరో మాత్రమే దానికి తెలుసు. మొదటి రెండు రిలేలు నడిపేవాళ్ళకు పెద్దగా చిక్కు లేదు. మూడోదైన ఎగ్జిట్ రిలే సంగతి వేరు. అవతలి వెబ్‌సైటు రికార్డులో పడేది దాని ఐపీ అడ్రసే. ఎవరో ఎక్కడినుంచో బెదిరింపు మెయిలు పంపితే పోలీసులు వచ్చి తట్టేది ఆ ఐపీ ఎవరి పేరున ఉందో వాళ్ళ తలుపు.

ఇది ఊహ కాదు. 2017 ఏప్రిల్‌లో మాస్కోలో ఒక గణితం టీచరును సరిగ్గా ఇలాగే పట్టుకెళ్ళారు. అల్లర్లకు పిలుపునిచ్చిన పోస్టులు ఆయన ఇంట్లోని ఎగ్జిట్ రిలే ఐపీ నుంచి వెళ్ళాయన్నది అభియోగం. ఆరోపణలు ఎత్తేసేసరికి మరుసటి ఏడాది మే వచ్చింది.

మన దగ్గర ఇలాంటి మనిషిని కాచే గోడ 79వ సెక్షన్. అది కట్టడానికి కారణమైన దెబ్బ తగిలింది ఢిల్లీలోనే. 2004లో బాజీ డాట్ కామ్ అనే వేలం సైటులో ఎవరో ఒక అశ్లీల వీడియో క్లిప్‌ను అమ్మకానికి పెట్టారు. ఢిల్లీ పోలీసులు ఆ కంపెనీ అధిపతిని అరెస్టు చేశారు. అప్పటికి ఉన్న 79 ప్రకారం నేరం తనకు తెలియకుండా జరిగిందనో, తన జాగ్రత్తలో తానున్నాననో నిరూపించుకోవాల్సిన బరువు మధ్యవర్తిదే. 2008లో ఆ సెక్షన్‌ను పూర్తిగా తిరగరాశారు. 2009 అక్టోబరు 27న అమల్లోకి వచ్చింది.

ఆ కొత్త రాతలో 79(2)(బి)ని దగ్గరగా చూడండి. మధ్యవర్తి మూడు పనులు చేయకూడదు: ప్రసారాన్ని తాను మొదలుపెట్టకూడదు, ఎవరికి చేరాలో తాను ఎంచకూడదు, లోపలి సమాచారాన్ని ఎంచడం గానీ మార్చడం గానీ చేయకూడదు. నీకు తెలుసా, నీ మనసులో ఏముంది అన్న ప్రశ్నే ఇక్కడ లేదు. చేత్తో ఏం చేశావన్నదే కొలత. ఎగ్జిట్ రిలేను ఈ కొలతకు పెట్టండి. ప్రసారం మొదలయ్యేది వాడుకరి దగ్గర. గమ్యం ఎంచేదీ వాడుకరే. లోపలి మాటల్లో రిలే ఒక్క అక్షరం మార్చదు. చట్టం రాసినవాళ్ళు టోర్‌ను మనసులో పెట్టుకున్నారని నేను అనడం లేదు. అయినా కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.

ఒక మెలిక ఉంది. స్పామ్ పోకుండా ఎగ్జిట్ రిలేలు మామూలుగా 25వ పోర్టును మూసేస్తాయి. అది గమ్యాన్ని ఎంచడం కిందికి వస్తుందా? రాదనే నా అభిప్రాయం. ఫలానా మనిషికి చేరాలి, ఫలానా మనిషికి చేరకూడదు అన్నది ఎంపిక. ఒక రకం రాకపోకలకు మొత్తంగా తలుపు మూయడం జాగ్రత్త. ఆ జాగ్రత్తను ఇదే సెక్షన్ (సి) క్లాజులో కోరుతోంది కూడా. మరి వాలంటీరు మధ్యవర్తి అవుతాడా? 2(1)(డబ్ల్యూ)లోని నిర్వచనం కంపెనీ అనలేదు. మరొకరి తరఫున రికార్డును అందుకుని, నిల్వచేసి, లేదా పంపే ఏ వ్యక్తయినా అంది. ఆ జాబితాలో సైబర్ కేఫ్‌కూ చోటు ఉంది.

అంత మంచి రాతలోనూ 79(3)(బి) దగ్గర ఒక పగులు మిగిలింది. అక్రమం జరుగుతోందని ‘వాస్తవంగా తెలిశాక’ తొలగించకపోతే రక్షణ పోతుందన్నారు. ఎవరు చెబితే తెలిసినట్టు? కోపంతో ఎవరో రాసిన ఉత్తరం చాలా? శ్రేయా సింఘాల్ తీర్పు ఆ సెక్షన్‌ను కొట్టెయ్యలేదు, కుదించి చదివింది: తెలియడమంటే కోర్టు ఆదేశమో, ప్రభుత్వ నోటిఫికేషనో చేతికందడం, అదీ రాజ్యాంగంలోని 19(2) అధికరణం గీసిన హద్దుల్లోనే. లక్షల ఫిర్యాదుల్లో ఏది న్యాయమైందో తేల్చే జడ్జి పని మధ్యవర్తి నెత్తిన పెట్టడం కుదరదన్నది కోర్టు చెప్పిన కారణం. పడగొట్టకుండా బాగుచేయడం కూల్చడం కన్నా కష్టం. నోట్సులో అండర్‌లైన్ పడాల్సింది దీనికి.

ఆ మరుసటి ఏడాది, 2016 డిసెంబరు 14న, బాజీ కేసు చివరి ముడి విప్పిన తీర్పు వచ్చింది. పేరు శరత్ బాబు దిగుమర్తి వర్సెస్ ఢిల్లీ ప్రభుత్వం. పిటిషనర్ది తెలుగు ఇంటిపేరు కావడం నాకు ఇష్టమైన సంగతి. ఐటీ చట్టం కింద ఆరోపణ నిలవనప్పుడు అదే ఎలక్ట్రానిక్ విషయం మీద ఐపీసీ 292 కింద వెంటాడటానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ముందు తలుపు మూశాక వెనక తలుపు గుండా రానివ్వలేదు. అయితే అది 2004 నాటి కేసు. న్యాయం అందడానికి పన్నెండేళ్ళు పట్టింది.

రిలే నడిపేవాళ్ళ పనితనమూ ఈ చట్టానికి తీసిపోదు. జాగ్రత్త తెలిసినవాళ్ళు ఎగ్జిట్ సర్వర్‌ను ఇంట్లో పెట్టరు, వేరే ఐపీ మీద నడుపుతారు. ఆ ఐపీని బ్రౌజర్‌లో కొడితే ‘ఇది టోర్ ఎగ్జిట్, ఇక్కడ వాడుకరుల వివరాలు ఉండవు’ అన్న పేజీ తెరుచుకునేలా పెడతారు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఎగ్జొనరాటోర్. ఏ రిలేలు పనిచేస్తున్నాయో టోర్ గంటగంటకూ సంతకాలు చేసిన జాబితా వేస్తుంది, పాతవన్నీ దాస్తుంది. తేదీ, ఐపీ ఇస్తే ఆ రోజు అది రిలేనా కాదా అన్నది ఎగ్జొనరాటోర్ చెబుతుంది. వాడుకరి గుట్టు విప్పకుండానే వాలంటీరుకు సాక్ష్యం పలుకుతుంది.

ఇన్ని ఉన్నా ఇక్కడి పీజీ గదిలోని వైఫై మీద ఎగ్జిట్ రిలే పెట్టమని నేను ఎవరికీ చెప్పను. ఆ ఐపీ వెనక ఆ అంతస్తులోని పిల్లలందరూ ఉంటారు. 79వ సెక్షన్ శిక్షను ఆపగలదు గానీ సోదాను ఆపలేదు. మెయిన్స్ ముందు నోట్సంతా ఉన్న లాప్‌టాప్ సీజ్ అయితే, కేసు గెలిచేలోపు అటెంప్టు అయిపోతుంది.

ఇంకో చిక్కు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు. సర్వర్లు అద్దెకిచ్చేవాళ్ళు, వీపీఎన్ సంస్థలు ఖాతాదారుల వివరాలు ఐదేళ్ళు దాచాలి. మధ్యవర్తులు 180 రోజుల లాగులు (కంప్యూటర్ల కార్యకలాపాల చిట్టాలు) ఉంచాలి. 79 నీడలోకి రావాలంటే మధ్యవర్తినని చెప్పుకోవాలి, చెప్పుకుంటే లాగులు అడుగుతారు. లాగులు దాచే రిలే ఇక టోర్ రిలే కాదు. ఈ ఆదేశాలు వచ్చాక ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్ వీపీఎన్ మన దేశంలోని సర్వర్లనే తీసేశాయి. ఆ మేలో ఇచ్చిన వివరణలో మాత్రం కంపెనీల అంతర్గత వీపీఎన్‌లకు ఖాతాదారుల వివరాల నిబంధన వర్తించదన్నారు. లాభాపేక్ష లేని, ఖాతాదారులే లేని రిలేలకు లాగుల నుంచి మినహాయింపు ఇవ్వడానికి అలాంటిదే ఇంకో వాక్యం చాలు. 79(2)(బి)లోని మూడు కొలతలనే అందులో మళ్ళీ రాయవచ్చు.