గొంతు మారే వయసు

నటుల జీవితకథల్లో మొదటి అధ్యాయం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఏడో ఏటనో పదో ఏటనో ఇల్లు వదలడం, నాటక కంపెనీలో చేరడం, తొలి వేషం, తొలి చప్పట్లు. రెండో అధ్యాయం తెరిచేసరికి మనిషి పేరున్న నటుడైపోయి ఉంటాడు. పదమూడుకూ పద్దెనిమిదికీ నడుమ ఏం జరిగిందన్నది నాలుగు వాక్యాల్లో దాటిపోతుంది. అసలు కథ ఆ దాటేసిన చోటే ఉందని నా అభిప్రాయం.

మన ప్రాంతపు బాయ్స్ కంపెనీల చరిత్రే దీనికి ఆధారం. శంకరదాస్ స్వామిగళ్ (1867-1922) తూత్తుక్కుడి వైపువారు, అంటే మన కోవిల్‌పట్టికి దగ్గరివారు. పెద్ద నటుల క్రమశిక్షణ లేనితనంతో వేగలేక ఆ కాలపు నాటకకర్తలు పిల్లల్ని చేరదీశారు. స్వామిగళ్ 1918లో మదురైలో తత్త్వ మీనలోచని విద్వ బాల సభ స్థాపించారు. అన్నదమ్ములతో కలిసి అందులో చేరేనాటికి టి.కె.షణ్ముగం ఆరేళ్ళవాడు. ఆ పిల్లవాడి కోసమే స్వామిగళ్ ఒక్క రాత్రిలో 'అభిమన్యు సుందరి' నాటకం రాశారని చెప్పుకుంటారు.

కంపెనీ తిండి పెట్టింది, పాట నేర్పింది, వేల పంక్తులు కంఠస్థం చేయించింది. అందుకు బదులుగా పిల్లవాడి గొంతును వాడుకుంది. మైకు లేని రోజులవి. పై శ్రుతిలో పాడి చివరి వరుసకు వినిపించాలి. స్త్రీపార్టుకు లేత గొంతు కావాలి. పదమూడు, పద్నాలుగేళ్ళకు ఆ గొంతు బొంగురుపోతుంది. తమిళంలో దీన్ని మగరక్కట్టు అంటారు. నిన్నటిదాకా సీతగానో వళ్ళిగానో మెప్పించినవాడు ఒక్కసారిగా పనికిరానివాడవుతాడు. ఈ రోజుల్లో మనం నటన మొదలుపెట్టే వయసు అనుకుంటున్నది, ఆ కంపెనీల్లో చాలామందికి నటన ముగిసిన వయసు.

కొందరికి అదృష్టం కలిసి వచ్చింది. మనకు దగ్గరిదైన సెంగోట్టైవాడు ఎస్.జి.కిట్టప్ప పెద్దయ్యాక కూడా పై శ్రుతిని వదలలేదు. కానీ 1933లో, ఇరవై ఏడేళ్ళకే పోయాడు. పుదుక్కోట్టై పి.యు.చిన్నప్ప గొంతు మారాక కంపెనీ వదిలి సంగీతమూ కర్రసామూ సాధన చేశాడు. గొంతు చేసిన ద్రోహాన్ని ఒళ్ళు పూడ్చింది. 1940లో 'ఉత్తమపుత్తిరన్'లో రెండు వేషాలూ తానే వేసి నిలిచాడు.

ఈ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే నటుడు ఎం.ఆర్.రాధా. ఆయనది తెలుగు మాటాడే ఇల్లు. 1907లో మద్రాసులో పుట్టారు. చిన్నప్పుడే ఇల్లు వదిలి నాటకాల్లోకి వెళ్ళారు. 1954 నాటి 'రత్తక్కణ్ణీర్' చూసినవారికి ఆయన గొంతు గుర్తుండే ఉంటుంది. ఒకే మాటలో సగం సన్నగా, కీచుగా, మిగతా సగం గరగరలాడుతూ వినిపిస్తుంది. జనం దాన్ని అనుకరించి నవ్వుకున్నారు, మిమిక్రీవాళ్ళు బతికారు. నాకు మాత్రం ఆ గొంతులో గొంతు మారుతున్న కుర్రవాడు వినిపిస్తాడు. ఇతరులు దాచుకున్న పగులును ఆయన వేదిక మీద పెట్టారు. కంపెనీ లెక్కలో నష్టంగా రాసుకున్నదాన్నే తన మూలధనం చేసుకున్నారు. పెద్దమనిషి గొంతుతో మొదలైన మాటను వెక్కిరించే పిల్లవాడి గొంతుతో ముగించడంలోనే ఆయన వ్యంగ్యమంతా ఉంది.

శివాజీ గణేశన్, ఎం.జి.రామచంద్రన్ కూడా బాయ్స్ కంపెనీల్లోనే పెరిగారు. ఎం.జి.ఆర్. తొలి సినిమా 1936లో, పంతొమ్మిదో ఏట వచ్చింది. హీరో కావడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ లోపు ప్లేబ్యాక్ వచ్చి, నటుడు పాడి తీరాలన్న నియమం పోయింది. పాటను పోగొట్టుకున్నవారికి మాట ఆస్తి అయింది. 1952 'పరాశక్తి'లో శివాజీ పలికిన పొడవాటి సంభాషణల వెనుక కంపెనీ కంఠస్థ పాఠం ఉంది.

అయితే ఈ నలుగురైదుగురిని చూపి ఆ పద్ధతి గొప్పదనడం న్యాయం కాదు. గొంతుతో పాటు చోటు కూడా పోయినవారి జీవితకథలు ఎవరూ అచ్చువేయలేదు. దీనికి ఎదురుగా తెలుగువారి సురభిని పెట్టి చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన ఆ సమాజం కుటుంబమే కంపెనీగా నడిచింది. అక్కడ ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. పసివాడు కృష్ణుడవుతాడు, కాస్త ఎదిగి లోహితుడవుతాడు. గొంతు మారితే హార్మోనియం దగ్గరో తెరల దగ్గరో పని ఉంటుంది, మళ్ళీ వేషానికి తగిన వయసు వచ్చేదాకా ఇంటివాడిగానే ఉంటాడు. మన శ్రీవిల్లిపుత్తూరు గుడిలో అరయర్ సేవ కూడా ఇలాగే వంశంలో నిలిచింది. పొడుగు టోపీ పెట్టుకుని తాళాలతో పాశురాన్ని పాడి అభినయించే ఆ విద్యను అందుకునే కుర్రవాణ్ణి గొంతు మారిందని ఎవరూ పంపేయరు. అయితే ఈ రెండు చోట్లా పుట్టుక తలుపు తీస్తుంది, బయటివాడికి ప్రవేశం కష్టం. బాయ్స్ కంపెనీ ఎవరికైనా తలుపు తీసింది, ఎవరినైనా బయటికి పంపింది.

ఆడపిల్లల సంగతి వేరు. భానుమతి 1939లో 'వరవిక్రయం'లో నటించేనాటికి పద్నాలుగు నిండలేదు. హీరో తన కూతుర్ని తాకరాదని తండ్రి షరతు పెట్టాడని ప్రసిద్ధం. మగపిల్లవాడికి గొంతు అడ్డమైతే, ఆడపిల్లకు లోకం అడ్డం. కాపు కాసేవాళ్ళు ఉంటేనే ఆమె నిలబడగలిగింది.

ఇప్పుడు చట్టం ఆ కాపును కొంత తన మీద వేసుకుంది. బాలకార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ, 2017 నియమాల ప్రకారం సినిమా, టీవీల్లో నటించే బాలల చేత రోజుకు 5 గంటలకు మించి పనిచేయించరాదు. వచ్చిన ఆదాయంలో కనీసం 20 శాతం బాలుడి పేర జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. బ్యాంకులో పనిచేసేవాణ్ణి కనుక ఈ నియమం విలువ నాకు తెలుసు. తండ్రి చేతికి పోయే సొమ్ములో పిల్లవాడి వాటా మొదటిసారి లెక్కకెక్కింది. కానీ ఆ చట్టంలో బాలుడంటే 14 నిండనివాడు. గొంతు మారే వయసులో చట్టం కూడా పక్కకు తప్పుకుంటుంది.

మనవాళ్ళు కూడా అదే చేస్తున్నారు. ఉగాది సభల్లో ఆరేళ్ళ పిల్లలు పద్యం చెబుతారు, నాట్యం చేస్తారు. పెద్దలు ఉపన్యాసాలిస్తారు. పదో తరగతి, ప్లస్ టూ పిల్లలు వేదిక మీద కనబడరు. వాళ్ళు కుర్చీలు సర్దుతుంటారు. నిజానికి మన కుర్రవాడికి రెండు గొంతులు పుట్టుకతోనే ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఇడైసెవల్ కి.రాజనారాయణన్ ఇంటి తెలుగుతో పెరిగి కరిసల్ నేల తమిళాన్ని కాగితం మీద పలికించారు. ఆ రెంటి మధ్య పగులు మన పిల్లలకు సిగ్గు కలిగిస్తోంది గానీ, అది నటనకు పనికివచ్చే సొత్తని వాళ్ళకు చెప్పినవారు లేరు.

వచ్చే ఉగాదికి పద్యపఠనం పోటీలో ఒకటి తగ్గించి, ఆ వయసు పిల్లలకు ఒక అరగంట నాటకం అప్పగించండి. రెండు భాషలూ కలిసిన నాటకమైనా పరవాలేదు. గొంతు కీచుమన్నా, బొంగురుపోయినా నవ్వకుండా వినండి. ఆ కుర్రవాడు తరవాత సినిమాకు వెళతాడా, పద్దులు రాస్తాడా అన్నది వాడి ఇష్టం. గొంతు మారుతున్నప్పుడు వాడికి నిలబడడానికి ఒక చోటు ఇవ్వడం మాత్రం మన పని.