కావలి కుక్కకు కొలబద్ద

అల్సేషియన్ అనే పేరుతో మనకు చిరకాలంగా పరిచితమైన కుక్క అసలు పేరు జర్మన్ షెపర్డ్. అనగా జర్మనీ దేశపు గొర్రెల కాపరి కుక్క. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీ పేరు రుచించక ఆంగ్లేయులు దానిని అల్సేషియన్ అని పిలిచారు. ఆ పేరే మన దేశానికీ వచ్చింది. 1977లో బ్రిటిషు కెన్నెల్ క్లబ్బు అసలు పేరును తిరిగి అంగీకరించింది.

ఈ జాతి కుక్క ఎట్లుండవలెనో నిర్దేశించే పత్రం ఒకటి ఉన్నది. దానిని జాతి ప్రమాణం అంటారు. మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ అశ్వికదళాధికారి, మేయర్ అనే మరొకరు చేసిన సూచనలతో 1899 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్టు నగరంలో అది మొదట రూపొందింది. తరువాత పలుమార్లు సవరణలు పొంది, నేడు అంతర్జాతీయ శునక సమాఖ్యవారి 166వ ప్రమాణంగా అమలులో ఉన్నది. కొలతలతో, కోణాలతో నిండిన ఈ పత్రం చూపులకు శాస్త్ర గ్రంథంవలె ఉంటుంది. అందులో శాస్త్రమెంత, అభిరుచి ఎంత అన్నది విచారించదగిన విషయం.

ముందు దాని గుణాలు చెప్పవలెను. మగ కుక్క మూపు ఎత్తు 60 నుండి 65 సెంటీమీటర్లు, బరువు 30 నుండి 40 కిలోలు. ఆడ కుక్క ఎత్తు 55 నుండి 60 సెంటీమీటర్లు, బరువు 22 నుండి 32 కిలోలు. శరీరం పొడవు ఎత్తుకన్న 10 నుండి 17 శాతం అధికం. అంటే 60 సెంటీమీటర్ల ఎత్తుగల కుక్క పొడవు 66 నుండి 70 సెంటీమీటర్ల వరకు ఉండవచ్చును. రొమ్ము లోతు ఎత్తులో 45 నుండి 48 శాతం. పై వెంట్రుకలు బిరుసుగా, వాటి అడుగున మెత్తని దట్టమైన బొచ్చు ఉండవలెను.

ఈ అంకెలు ఊరక పుట్టినవి కావు. కంచెలు లేని జర్మన్ పొలాలలో గొర్రెలు పైరు మీద పడకుండా ఈ కుక్క గట్టు వెంబడి రోజంతా తిరుగుతూ కదిలే కంచెగా పనిచేసేది. నిడుపైన శరీరం వల్ల అంగ పెద్దదవుతుంది. లోతైన రొమ్ములో ఊపిరితిత్తులకు చోటు దొరుకుతుంది. రెండు పొరల బొచ్చు చలినీ వాననూ ఆపుతుంది. ఎన్నుకొన్న ప్రతి లక్షణానికి ఒక పని ఉండడమే ఆ తొలి పత్రంలోని మేలు. శరీరానికి చెమట పోయని కుక్క, ముఖ్యంగా వగర్చడం ద్వారానే వేడిని వదలుకొంటుంది. ఆ బొచ్చుతో అది మన రోహిణి ఎండలో పడే అవస్థ కూడ ఈ ప్రమాణం ఏ దేశపు పనికి వ్రాసినదో గుర్తు చేస్తుంది.

లోపం మాటలలో ఉన్నది. పిరుదు వాలు సుమారు 23 డిగ్రీలని అంకె చెప్పిన పత్రం, వీపు విషయంలో మాత్రం తన పూర్వపు రూపంలో ‘స్వల్పంగా’ వాలి ఉండవలెనని ఊరుకొన్నది. ఏది స్వల్పం, ఏది అధికం? ఈ నిర్ణయం ప్రదర్శనలో న్యాయనిర్ణేత కంటికి మిగిలిపోయింది. కంటికి ఇంపైన దానికి బహుమతి, బహుమతి పొందిన దానికి సంతానం. ఇట్లు తరతరానికి వాలు పెరుగుతూ వచ్చింది. వెనుక కాలు ఒకదానిని దూరంగా పెట్టించి నిలబెట్టే పద్ధతి వల్ల ఆ వాలు ఇంకా ఎక్కువగా కనబడుతుంది. 2016లో బర్మింగ్‌హాములో జరిగిన క్రఫ్ట్స్ ప్రదర్శనలో ఈ జాతికి ఉత్తమ బహుమతి పొందిన కుక్క నడక చూసి ప్రజలు తీవ్రంగా నిరసించారు. నడకకోసం పుట్టిన ప్రమాణం నడవలేని అందానికి కిరీటం పెట్టిందన్నది ఆ విమర్శ సారాంశం.

తుంటి కీలు గిన్నెలో తొడ ఎముక తల సరిగా ఇమడకపోవడం ఈ జాతిలో ఎక్కువగా కనిపించే రుగ్మత. దానికి డిస్‌ప్లేసియా అని పేరు. అది కొంత వంశానుగతం; పెరిగే వయసులో తిండి, బరువు కూడ దానిని ప్రభావితం చేస్తవి. బయటి వాలును చూసి లోపలి కీలు స్థితి చెప్పడం సాధ్యం కాదు. ఎక్స్‌రే తీసి చూడవలసిందే. కావున కంటితో చూసే పరీక్ష ఎంత సూక్ష్మమైనా ఇక్కడ చాలదు.

ఇంతకన్న పెద్ద చిక్కు స్వభావ వర్ణనలో ఉన్నది. స్థిరమైన నరాలు, ఆత్మవిశ్వాసం, రెచ్చగొట్టనంతవరకు సాధుత్వం కావలెనని పత్రం కోరుతుంది; దాని పూర్వపు రూపం ధైర్యం, పోరాట పటిమ కూడ కోరింది. సాధుత్వం, పోరాటం పరస్పర విరుద్ధాలని తొందరపడరాదు. బడికి పోయే పిల్లవాడిని, గోడ దూకే దొంగను వేరుగా గుర్తించగలగడమే కావలి కుక్క గొప్పతనం. మొరిగే కుక్క కరవదన్న సామెతను ఇక్కడ నమ్మరాదు. భయపడిన కుక్క మొరుగుతుంది, కరుస్తుంది కూడ. నీడకు అదిరి ఎగబడే కుక్కను ధైర్యశాలి అనుకొనే ఇంటివారు ప్రమాదాన్ని గుమ్మంలో కట్టుకొన్నట్లే.

అయితే ఈ గుణాలను కొలిచేదెట్లు? శరీరానికి సెంటీమీటరు ఉన్నది. ధైర్యానికి పత్రంలో కొలబద్ద లేదు. నిజానికి ఆ ప్రయత్నం చేసినవారు లేకపోలేదు. స్విట్జర్లండులో ఈ జాతి మీదనే పనిచేసిన హంఫ్రీ, వార్నర్ అనేవారు 1934లో తమ గ్రంథంలో శబ్దానికీ, స్పర్శకూ కుక్కలు చూపే స్పందనను వేరువేరుగా పరీక్షించి వివరించారు. జన్మ ఒక్కటే చాలదని 1961లో ఫ్రీడ్‌మన్ బృందంవారి ప్రయోగం చూపింది. 14 వారాల వరకు మనుషుల స్పర్శ లేక పెరిగిన పిల్లలు తరువాత మనిషిని చూసి బెదిరిపోయినవి. స్వీడనులో విల్‌సన్, సుండ్‌గ్రెన్ 1998లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఎనిమిది వారాల పిల్లకు పెట్టిన పరీక్షను బట్టి అది పెద్దయిన తరువాత ఎట్లు పనిచేస్తుందో చెప్పడం దాదాపు అసాధ్యం. 18,000కు పైగా కుక్కల యజమానులను ప్రశ్నించి 2022లో ప్రకటించిన అమెరికా పరిశోధనలో, కుక్కల ప్రవర్తనలోని తేడాలలో జాతి వల్ల వచ్చినవి సుమారు 9 శాతమేనని తేలింది. జాతి పేరు చూసి స్వభావానికి పూచీ పడరాదని దీని తాత్పర్యం.

స్టెఫానిట్జ్ ఈ సంగతి ఎరుగనివాడు కాడు. పనికి వచ్చేదే అందమని ఆయన వాదించాడు. పని పరీక్షలను ప్రోత్సహించాడు. కుక్కలు మరీ పొడవుకాళ్లతో చదరంగా తయారవుతున్నవని 1925లో క్లోడో ఫాన్ బాక్స్‌బర్గ్ అనే పొట్టి, నిడుపైన కుక్కను విజేతగా నిలబెట్టి జాతి రూపాన్ని మార్చినవాడూ ఆయనే. ఆదర్శమనేది ప్రకృతి శాసనం కాదనీ, మనిషి చేసే ఎన్నిక అనీ దీనినిబట్టి తెలుస్తుంది.

మొత్తం మీద ఈ ప్రమాణం అడిగిన గుణాలు సరియైనవే. వాటిని అది పరీక్షించిన తీరే అసమగ్రం. కొలవడానికి సులభమైనదే బహుమతి పొందింది. కొలవడానికి కష్టమైనది మాటగా మిగిలింది. తరగతిలో విద్యార్థులు మూపు ఎత్తు కొలవడం నేర్చుకోవచ్చును. ఆ కొలత ఏ ప్రశ్నకు సమాధానమో, ఏ ప్రశ్నకు కాదో అడగడం కూడ నేర్చుకొంటే వారికి శాస్త్ర దృష్టి అలవడినట్లే.