తప్పిన రోజుల వత్తులు

దసరా వెళ్ళిన మర్నాడు అమ్మ తన వత్తుల డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మూత దగ్గర తుప్పు పట్టిన బిస్కెట్ల రేకు డబ్బా అది. లోపల గింజ తీసిన పత్తి, చిన్న విభూతి పొట్లం, సగం చేసి వదిలేసిన వత్తులు నాలుగు ఉన్నాయి.

"వేళ్ళు నా మాట వినట్లేదురా. ఈసారి పున్నమికి నువ్వే చెయ్యాలి" అంది.

అమ్మకి ఎనభై రెండేళ్ళు. రెండేళ్ళుగా కీళ్ళవాపు. కిందటేడు కార్తీకానికి ఎలాగో లాక్కొచ్చింది కానీ ఈ ఏడు చొక్కా గుండీ పెట్టాలన్నా, బఠాణీ వలవాలన్నా వేళ్ళు వంగడం లేదు. ఆ నాలుగు వత్తుల దగ్గరే ఆవిడ ప్రయత్నం ఆగిపోయిందని డబ్బా చూడగానే అర్థమైంది.

పూజాసామాన్ల కొట్లో 365 వత్తుల కట్ట దొరుకుతుంది. నెయ్యిలో నానబెట్టి, డబ్బాలో పెట్టి మరీ అమ్ముతున్నారు. ఆ మాటే అన్నాను. అమ్మ కోప్పడలేదు. "కొనుక్కున్నా తప్పులేదు, వెలుగు వెలుగే. కానీ రోజులు లెక్కపెట్టుకోవడం పోతుంది కదరా" అంది.

ఆ 365 సంగతి చాలామందికి తెలిసిందే. ఇంట్లో రోజూ దీపం పెట్టాలి. కానీ మనిషి కదా, ఊళ్ళు తిరుగుతాడు, జ్వరం వస్తుంది, మైల వస్తుంది, ఒక్కోసారి మరిచేపోతాడు. అలా ఏడాది పొడుగునా తప్పిపోయిన దీపాలన్నిటికీ కలిపి కార్తీక పౌర్ణమి నాడు ఒక్కసారి వెలిగిస్తారు, రోజుకొక వత్తి చొప్పున. మన పంచాంగం నడిచేది చాంద్రమానం మీద, పన్నెండు చాంద్రమాసాలకి వచ్చేవి 354 రోజులే. పండగ చంద్రుడిది, లెక్క సూర్యుడిది. ఇద్దర్నీ ఒకే ప్రమిదలో పెట్టిన ఆ పెద్దవాళ్ళెవరో గానీ, తప్పిన వాళ్ళని మందలించకుండా తప్పడానికి కూడా ఒక పండగ పెట్టారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఆ కట్టలో ఇంత దయ ఉందని నాకు ఈ ఏడే తెలిసింది.

మొదటి రోజు మూడే చేశాను. మూడూ పనికిరాలేదు.

అసలు విద్యంతా పింజ లాగడం దగ్గరే ఉంది. గుంజితే తెగుతుంది, ఊరికే నలిపితే ఉండకడుతుంది. పోగులన్నీ ఒకే దిక్కుకి తిరిగేలా రెండు చేతుల మధ్య నెమ్మదిగా సాగదీయాలి. తరవాత వేలికొసకి కాస్త విభూతి అద్దుకుని, పింజని ఎడమ అరచేతిలో పరిచి, కుడి అరచేత్తో ఒక్కసారి ముందుకి దొర్లించాలి. విభూతి లేకపోతే పోగు పట్టు చిక్కదు. కొందరు పాలతో వేళ్ళు తడుపుకుంటారు, మా ఇంట్లో మాత్రం విభూతే. నిత్యదీపానికి చేసే అడ్డవత్తి కాస్త లావుగా ఉన్నా ఫరవాలేదు. పున్నమి కట్టలోవి మాత్రం సన్నగా రావాలి, లేకపోతే ప్రమిద చాలదు.

నేను చేసినవాటిని అమ్మ ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నొక్కి చూసేది. వంగని వేళ్ళకి కూడా ఆ స్పర్శ పోలేదు. "బిగించేశావు. ఊపిరాడేలా చెయ్యి" అనేది. నిజమే. పోగుకీ పోగుకీ మధ్య ఉండే సన్నని సందుల్లోంచే నూనె తనంతట తాను పైకి పాకుతుంది. సందు మూసుకుపోతే నూనె అందక దీపం నీరసిస్తుంది. మరీ వదులుగా చేస్తే మంట లేచి పొగచూరుతుంది. బాగా రానివి పారేయబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "పాడైపోయిందేముందిరా? విప్పి మళ్ళీ పత్తిలో కలిపెయ్యి" అంది. చెడిపోయిన వత్తి మళ్ళీ పత్తి అవుతుంది. ముప్ఫై ఏళ్ళు కాగితాల మీద పనిచేసినవాణ్ణి, కొట్టివేతల మధ్యే బతికినవాణ్ణి. చెడినదాన్ని వెనక్కి తీసుకుని మళ్ళీ మొదటి రూపం ఇచ్చే పని నా చేతిలోకి రావడం అదే మొదలు.

ఎప్పుడో శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్ళినప్పుడు అక్కడి ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వడం చూశాను. సన్నటి పళ్ళవరస ఉన్న ఆ ఎముకతో గింజ చుట్టూ ఉన్న పోగుల్ని ఒక వరసలోకి తెస్తారు. పొందూరు ఖాదీ సన్నదనం అక్కడే మొదలవుతుంది. గాంధీగారిని సైతం ఆకట్టుకున్న నేత అది. అదో అద్భుతమని తిరిగొచ్చి ఎందరికో చెప్పాను. మా వంటింటి గడప దగ్గర గోడకి చేరగిలబడి అమ్మ నలభై ఏళ్ళపాటు చేసింది కూడా పోగుల్ని వరసలోకి తేవడమే. నేను ఆవిణ్ణి దాటుకుని కాఫీకి వెళ్ళేవాణ్ణి.

వారం తిరిగేసరికి చేతికి లయ దొరికింది. లాగడం, అద్దడం, దొర్లించడం, పక్కన పెట్టడం. దసరా మర్నాటి నుంచి పున్నమికి ముందు రోజు దాకా ముప్ఫై మూడు రోజులు, రోజుకి పదకొండో పన్నెండో చెయ్యాలి. రాత్రి ఏడింటికి కూర్చునేవాణ్ణి. వేళ్ళకి విభూతి ఉంటుంది కాబట్టి ఫోను పక్కగదిలో ఉండేది. మొదట్లో పని తెమిలితే చాలనిపించేది. తరవాత తరవాత ఏడెప్పుడవుతుందా అని చూసేవాణ్ణి. పగలంతా మనసులో ముళ్ళలా గుచ్చుకున్న మాటలు నాలుగో వత్తి దాకా ఉండేవి, అయిదోదాని దగ్గర ఏమయ్యేవో తెలిసేది కాదు. అమ్మ ఎదురుగా మంచం మీద కూర్చుని చూస్తూండేది. పెద్దగా మాటలు ఉండేవి కావు. ఊపిరి నెమ్మదించడం నాకే వినిపించేది. ధ్యానం చేద్దామని కూర్చున్న రోజుల్లో ఒక్కనాడూ అది నాకు దొరకలేదు.

ఒకరోజు అడిగాను, "వత్తులు చేసేటప్పుడు ఏమనుకునేదానివమ్మా? జపం చేసేదానివా?" అని.

"జపమేముందిరా. ఒక్కో వత్తికీ ఒక్కో రోజు తలుచుకునేదాన్ని. ఇది మీ నాన్నకి బదిలీ అయిన రోజుది, ఇది నీకు అమ్మవారు పోసిన రోజుది అని. గుర్తొచ్చినంత వరకూ."

"గుర్తురాని రోజులో?"

"వాటికీ ఓ వత్తి చేసేదాన్ని. దేవుడికి లెక్కెందుకు, లెక్క మనకి."

ఆ రాత్రి నేనూ మొదలుపెట్టాను. కిందటేడు పున్నమి నవంబరు 15న వచ్చింది, అక్కణ్ణించి ఇటు. సంక్రాంతి మూడు రోజులూ దొరికాయి. ఉగాది దొరికింది. మేనకోడలి పెళ్ళి, నా పదవీ విరమణ, వేసవిలో బాల్యస్నేహితుడు పోయిన కబురు అందిన మధ్యాహ్నం దొరికాయి. ఆగస్టులో అమ్మని ఆస్పత్రిలో ఉంచిన ఆరు రోజులు గంటగంటా గుర్తున్నాయి. అన్నీ కలిపితే యాభై దాటలేదు. మిగిలిన మూడువందల పైచిలుకు రోజులకి పేరు లేదు. అంత బతుకు నేను చూడకుండానే వెళ్ళిపోయిందా అని గుండె కలుక్కుమంది. వత్తి చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆస్పత్రి ఆరు రోజులే నాకు దారి చూపించాయి. ఆ ఆరు రోజులూ ఇంట్లో దీపం లేదు. ఆ ఆరు రాత్రులూ వరండాలో ఇనప కుర్చీలో కూర్చుని నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే. అమ్మ ఇంట్లో ఉండి, కాఫీలో పంచదార తక్కువైందని సణిగే ఒక మామూలు పొద్దు ఇమ్మన్నాను. అంటే ఆ పేరులేని మూడువందల రోజుల్లో ఒకదాన్ని. కుళాయి వచ్చి, అన్నం ఉడికి, బయటికెళ్ళినవాళ్ళు ఇంటికొచ్చి, చెప్పుకోడానికి ఏమీ జరగని రోజు. అప్పటి నుంచి గుర్తురాని రోజుల వత్తులు చేసేటప్పుడు చెయ్యి మరింత నెమ్మదిగా కదిలేది. ఆ రోజులు ఎవరిచ్చారో ఆయనకి నేను దణ్ణమైనా పెట్టలేదు. వత్తి దొర్లించాలంటే రెండు అరచేతులూ ఒకదానిమీద ఒకటి పడాలి, అక్కణ్ణించి దణ్ణానికి ఎంతో దూరం లేదు.

నెలాఖరుకి పత్తి అయిపోయింది. మా అపార్టుమెంటు వాచ్‌మన్ భార్యది ఖమ్మం దగ్గరి పల్లె. ఏటా పత్తి ఏరే రోజుల్లో ఊరెళ్ళి వస్తుంది, వచ్చేటప్పుడు అమ్మకోసం ఒక సంచెడు తెస్తుంది. ఈసారి అక్టోబరు 28న మొంథా తుపాను మన తీరం దాటింది. ఆ వాన కోస్తాతో ఆగలేదు, వరంగల్లు, ఖమ్మం దాకా ముంచెత్తింది. కాయ విచ్చి, ఏరడానికి సిద్ధంగా ఉన్న పత్తి చెట్టుమీదే తడిసింది.

"ఈసారి అంతా నల్లవడ్డది పెద్దమ్మా. నీ దీపానికని ఏరి ఏరి తెల్లది తెచ్చిన" అంటూ సంచి అమ్మ మంచం మీద పెట్టింది. ఆవిడ వేళ్ళు చూశాను. ఎండిన పత్తికాయ తొక్కల కొసలు సూదుల్లా ఉంటాయి. గోళ్ళ చుట్టూ గీతలు, కొన్ని మానినవి, కొన్ని పచ్చివి. ఏరినదానికి కిలోల లెక్కన కూలి. తడిసిన పత్తి బరువు తూగుతుంది కానీ, తేమ నూటికి పన్నెండు దాటితే ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. రైతు దాన్ని ఎండబెట్టుకోవాలి, లేదా అడిగిన ధరకి ఇచ్చుకోవాలి.

ఆవిడ వెళ్ళాక, చేసిన వత్తుల్ని వంటింటి త్రాసులో తూచాను. కట్ట మొత్తానికి నలభై గ్రాములకి మించదని తేలింది. గింజతో ఉన్న పత్తిలో దూది సుమారు మూడో వంతే కాబట్టి, దానికి నూట ఇరవై గ్రాముల పత్తి కావాలి. 2025-26 పంటకాలంలో పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 8,110 రూపాయలు. లెక్క కట్టాను. ఏడాది దీపాలకి పత్తి విలువ పదిరూపాయలు కూడా కాలేదు, అదీ ఆ ధర రైతు చేతికి వస్తేనే. పుణ్యమంతా నా ఖాతాలో వేసుకుని ఆ పదిరూపాయల వెనక ఉన్న వేళ్ళని మరిచిపోతే, నా దీపానికి అర్థం ఉందనుకోను. ఆ రోజు నుంచి లెక్కలో ఆవిడ రోజుల్ని కూడా కలిపాను, చేను తడిసిన రోజుల్ని ముఖ్యంగా.

చివరి వారం అమ్మ పోలి కథ చెప్పింది. ఎన్నోసారో. అత్తగారు మిగతా కోడళ్ళని వెంటబెట్టుకుని కార్తీక స్నానానికి నదికి వెళ్ళిపోతుంది, పోలికి దీపం సామగ్రి దొరక్కుండా చేసి మరీ. పోలి పెరట్లో రాలిన పత్తి ఏరుకుని వత్తి చేస్తుంది. కవ్వానికి అంటుకున్న వెన్న గీకుతుంది. దీపం వెలిగించి, ఎవరి కంటా పడకుండా పైన బుట్ట బోర్లిస్తుంది. నెల తిరిగేసరికి ఆవిడకోసం స్వర్గం నుంచి విమానం వస్తుంది. కార్తీక అమావాస్య మర్నాడు గోదావరిలో అరటిదొప్పల్లో దీపాలు వదిలేది ఆ పోలిని తలుచుకునే.

చిన్నప్పుడు నాకు ఆ కథలో విమానమే కనిపించేది. ఇప్పుడు ఆ రాలిన పత్తి కనిపిస్తోంది. నేల మీద పడ్డ పత్తిలో మట్టి ఉంటుంది, ఆకుతునకలుంటాయి, పింజ పొట్టిగా తెగి ఉంటుంది. దాన్ని శుభ్రం చేసి వత్తిగా తేవడం ఎంత ఓపికతో అయ్యే పనో నా వేళ్ళకి తెలుసు. ఇంటి చాకిరీ అంతా ఒంటిచేత్తో చేసుకుంటూ రోజూ ఆ కాస్త సమయం ఎక్కణ్ణించి తెచ్చుకుందో ఆ పిల్ల. మిగిలిపోయినవాటితో, ఎవరూ చూడకుండా, రోజూ. భక్తి అనే మాటకి నాకు ఇప్పుడు ఆ బుట్టకింది వెలుతురే గుర్తొస్తోంది.

నవంబరు 5, బుధవారం. 365 వత్తుల్నీ ముందురోజే కట్టకట్టి ఆవునెయ్యిలో నానబెట్టాను. సాయంత్రం బాల్కనీలో తులసికోట పక్కన ఉసిరికొమ్మ గుచ్చి, పెద్ద మట్టిప్రమిదలో కట్ట పెట్టాం. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, అగరొత్తి ఆవిడ చేతిలో పెట్టి, ఆ చెయ్యి కింద నా చెయ్యి ఉంచాను. కట్ట అంచున చిన్నగా అంటుకుని, ఒక వత్తి నుంచి ఇంకోదానికి పాకి, చూస్తుండగానే అన్నీ ఒక్క మంట అయ్యాయి. ఏది సంక్రాంతో, ఏది ఆస్పత్రో, ఏది ఏమీ జరగని బుధవారమో విడదీసే వీల్లేదు. అమ్మ ముఖమంతా పసుపురంగు వెలుతురు. పెదవులు కదులుతున్నాయి. ఎవరి పేర్లు తలుచుకుందో అడగలేదు. దీపం కొండెక్కేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం, అప్పటికి పున్నమి చంద్రుడు ఎదుటి మేడ దాటి పైకొచ్చేశాడు.

మర్నాడు పొద్దున స్నానం చేసి దేవుడి గూటి దగ్గరికి వెళ్తే వత్తులు లేవు. ఉన్నవన్నీ కట్టలోకి వెళ్ళిపోయాయి. ఒంటివత్తి వెలిగించకూడదు, పూటకి రెండైనా కావాలి. రేకు డబ్బా తీశాను. అడుగున అమ్మ సగం చేసి వదిలేసినవి నాలుగూ అలాగే ఉన్నాయి.

రెండు తీసి, వేలికి విభూతి అద్దుకుని, అమ్మ ఆపిన చోటు నుంచి దొర్లించాను. మిగతా రెండూ సాయంత్రానికి ఉంచాను.