‘సలామ్ వెంకీ’ – కన్నీరు, చట్టం, షరీఅత్

శ్రీకాంత్ మూర్తి ఆంగ్లంలో రాసిన ‘ది లాస్ట్ హుర్రా’ నవల ఆధారంగా, రేవతి దర్శకత్వంలో 2022 డిసెంబరులో విడుదలైన హిందీ చిత్రం ‘సలామ్ వెంకీ’. దీనికి మూలం మన హైదరాబాదులో జరిగిన యథార్థ సంఘటన. వెంకటేష్ చదరంగ క్రీడాకారుడు. డ్యూషేన్ అనే కండరాల క్షీణత వ్యాధి అతని శరీరాన్ని క్రమక్రమంగా కబళించింది. 2004 డిసెంబరులో, తన 25వ ఏట, శ్వాసయంత్రాన్ని తొలగించి, అవయవాలు చెడిపోకముందే ఇతరులకు దానం చేయనివ్వమని అతను కోరాడు. ఆ కోరికతో అతని తల్లి ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించింది. చట్టంలో అటువంటి వీలు లేదని కోర్టు నిరాకరించింది. తీర్పు వెలువడిన కొద్ది వ్యవధిలోనే అతను కన్నుమూశాడు. అతని కళ్లు మాత్రం దానం చేయగలిగారు.

చిత్రంలోని సుగుణాలను ముందుగా ఒప్పుకోవాలి. ఈ వ్యాధి మగపిల్లలకు పుట్టుకతో వస్తుంది. మొదట కాళ్లు, తరువాత చేతులు, చివరకు ఊపిరి పీల్చే కండరాలు బలహీనపడతాయి. రోగి మాత్రం అంతా తెలుసుకుంటూనే ఉంటాడు. విశాల్ జేఠ్వా ఈ స్థితిని నమ్మదగినట్లు నటించాడు. తల్లి పాత్రలో కాజోల్ గుండెలు బాదుకోదు. ఆమెకు మాత్రమే కనిపించే ఒక ఊహాపురుషుణ్ణి అమీర్ ఖాన్ రూపంలో చూపడం వల్ల, రోగి పక్కన ఏళ్లతరబడి కూర్చున్న మనిషి ఒంటరితనం మనకు అర్థమవుతుంది. రోగిని కేవలం రోగిగా కాక మనిషిగా చూపినందుకు దర్శకురాలిని అభినందించవలసిందే.

అయితే చిత్రం ఎక్కడ తడబడింది? మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకే ముడిగా వేసి, ఆ ముడి విప్పే బాధ్యతను ప్రేక్షకుని కన్నీటికి వదిలివేసింది. వ్యాధి నయం చేయలేని యంత్రాన్ని తొలగించవచ్చునా అన్నది మొదటి ప్రశ్న. మందు ఇచ్చో మరో విధంగానో మరణాన్ని తెచ్చిపెట్టవచ్చునా అన్నది రెండవది. ప్రాణమున్న మనిషి నుండి గుండె, కాలేయం వంటివి తీసుకోవచ్చునా అన్నది మూడవది. ఈ మూడింటినీ విడదీయకపోవడం వల్ల న్యాయస్థానం హృదయం లేనిదిగాను, నిరాకరణ కేవలం నిబంధనల మూర్ఖత్వంగాను కనిపిస్తాయి.

వాస్తవంలో మూడవ ప్రశ్నే కేసుకు కీలకం. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం మెదడు కాండం మరణించినట్లు వైద్యులు ధ్రువీకరించిన తరువాతనే జీవనాధారమైన అవయవాలను తీసుకోనిస్తుంది. వెంకటేష్ మెదడు సజీవంగా ఉంది. అతని గుండెను తీసే వైద్యుని కత్తే అతని మరణానికి కారణమవుతుంది. దాత ఎంత ఉదారుడైనా, వైద్యుడు హంతకుడు కాక తప్పదు.

ఇక్కడ ఒక ముస్లిం పాఠకునికి సందేహం రావచ్చు. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినట్లే అన్న భావం దివ్యఖుర్ఆన్‌లో (5:32) ఉన్నది కదా, ఒకడు పోయి ఐదుగురు బతికితే పుణ్యం కాదా? కాని అదే ఆయత్ అన్యాయంగా ఒక ప్రాణం తీయడాన్ని సమస్త మానవాళిని చంపడంతో పోల్చింది. ప్రాణాలను తక్కెడలో వేసి తూచే అధికారం మనకు లేదు. ఒక హానిని దానితో సమానమైన మరో హానితో తొలగించరాదన్నది ఫిఖ్హ్‌లో స్థిరపడిన సూత్రం.

రెండవ ప్రశ్నకు సమాధానం మరింత స్పష్టం. గాయం బాధ ఓర్వలేక చేయి కోసుకొని ప్రాణం తీసుకున్న వ్యక్తి తన ప్రభువు కంటే ముందుకు పోయినవాడయ్యాడని హజ్రత్ జుందుబ్ (రజి) ఉల్లేఖనం తెలుపుతున్నది. రోగి అడిగినా, వైద్యుడు దయతో చేసినా అది హరామే. అయితే నొప్పి తగ్గించే ఉద్దేశంతో తగు మోతాదులో మార్ఫిన్ ఇవ్వడం దీని కిందకు రాదు. కర్మలు నియ్యత్‌ను బట్టి ఉంటాయి.

మొదటి ప్రశ్న దగ్గరే నిజమైన చర్చకు తావున్నది. మూర్ఛవ్యాధితో బాధపడే ఒక స్త్రీకి దైవప్రవక్త (సఅసం) రెండు మార్గాలు చూపగా, ఆమె స్వస్థత కంటే సహనాన్నే ఎంచుకున్నది. దీనిని బట్టి చికిత్స అన్ని వేళలా విధి కాదని పలువురు ఫుఖహా భావించారు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, మెదడు పనులన్నీ తిరిగిరాని విధంగా ఆగినట్లు నిపుణులు తేల్చినప్పుడు యంత్రాలను తొలగించవచ్చునన్నది. కాని వెంకటేష్ స్పృహలో ఉన్నాడు. ఆ తీర్మానం అతనికి వర్తించదు. స్పృహలో ఉన్నవాని శ్వాసయంత్రం చికిత్సయా, లేక అన్నపానీయాల వంటిదా? ముఫ్తీలు వైద్యులతో కలిసి కూర్చుని తేల్చవలసిన విషయమిది.

దేశ చట్టం కూడా 2004లో ఆగిపోలేదు. అరుణా శాన్‌బాగ్ కేసులో 2011లోను, కామన్ కాజ్ కేసులో 2018లోను సుప్రీం కోర్టు జీవనాధార చికిత్స ఉపసంహరణకు దారి చూపింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేస్తూ, ముగ్గురేసి వైద్యుల రెండు బోర్డుల ఏర్పాటును నిలిపింది. ఉద్దేశపూర్వకంగా ప్రాణం తీయడం మాత్రం నేటికీ నేరమే.

చిత్రం తాకని మరొక పార్శ్వమున్నది. అనకాపల్లి జిల్లా బుచ్చయ్యపేట వంటి మండలంలో ఈ ప్రశ్న హైకోర్టు దాకా పోదు. చెరకు తోటల్లో కూలి చేసుకునే కుటుంబం రోగిని విశాఖపట్నం తీసుకుపోతుంది. ప్రైవేటు ఆసుపత్రిలో రోజువారీ ఖర్చు అప్పుగా మారుతుంది. చివరకు సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకుంటారు. చిత్రంలో కొడుకు కోరికను గౌరవించడమా కాదా అన్నదే సమస్య. ఇక్కడ కోరిక అడిగేవారే లేరు. డబ్బే బోర్డు, డబ్బే తీర్పు. నొప్పి తగ్గించే మందు లేక ‘నన్ను తీసుకుపో దేవుడా’ అని మూలిగే వృద్ధునికి ఫత్వా కంటే ముందు మార్ఫిన్ కావాలి, రాత్రంతా పక్కన కూర్చునే మనిషి కావాలి. మరణం హరామని చెప్పి ఊరుకొని, రోగిని చూడబోని సమాజం తన విధిని సగమే నెరవేర్చినట్లు. రోగి పరామర్శ ముస్లింపై ముస్లింకున్న హక్కు. అటువంటి ఇంటికి జకాత్, సదఖా చేరాలి.

‘సలామ్ వెంకీ’ మన హృదయాన్ని మెత్తబరుస్తుంది. అందుకు దానికి మేలు కలుగుగాక. కాని మెత్తబడిన హృదయం వెంటనే తీర్పు చెప్పడానికి తొందరపడుతుంది. ఆ తొందరను ఆపి, ఏది చికిత్స మానడం, ఏది ప్రాణం తీయడం, ఏది దానం అని విడమరచి చూపి ఉంటే ఇది గొప్ప చిత్రమయ్యేది. ఇప్పటికి మాత్రం మంచి మనసుతో తీసిన అసంపూర్ణ వాదన.